పాడు చేసుకోవడానికి ఒక అట్టపెట్టె

ఇంట్లోని పాత సామానుతో పిల్లల చేత బొమ్మలు చేయించే పద్ధతులు ఎక్కడ చూసినా దాదాపు ఒకేలా ఉంటాయి. ముందు పూర్తయిన బొమ్మ ఫొటో. ఖాళీ సీసాతో పెన్నుల స్టాండు, టిష్యూ రోలు గొట్టంతో గుడ్లగూబ, సీసా మూతలతో పువ్వు. దాని కింద కావలసిన సామాను జాబితా. అందులో పాతది ఆ సీసా ఒక్కటే. రంగు కాగితాలు, గ్లిట్టర్, కదిలే ప్లాస్టిక్ కళ్లు, గ్లూ గన్, స్ప్రే పెయింటు అన్నీ కొత్తగా కొనాలి. తర్వాత వరసగా ఏం చేయాలో రాసి ఉంటుంది. కత్తిరించడం అమ్మ చేస్తుంది, వేడి జిగురు పెట్టడం నాన్న చేస్తాడు, పిల్లలకు కళ్లు అంటించే పని మిగులుతుంది. బొమ్మ అచ్చం ఫొటోలో ఉన్నట్టే వస్తుంది. అందరూ మెచ్చుకుంటారు. పిల్లలు మాత్రం మర్నాటికి దాని ఊసే ఎత్తరు.

ఈ పనిలో పిల్లలకు దక్కాల్సిన అసలు సుఖం వాళ్లకు దక్కడం లేదని చాలాకాలంగా నాకు అనిపిస్తోంది. పాత సామానుకు ఉన్న గొప్ప గుణం ఒకటుంది. అది పాడైతే ఎవరికీ నష్టం లేదు. వంకరగా కత్తిరించినా, రంధ్రం తప్పుచోట పొడిచినా, మధ్యలో విసుగొచ్చి నలిపేసినా ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో పిల్లల చేతికి వచ్చే వస్తువుల్లో అలాంటివి చాలా తక్కువ. పుస్తకం చింపకూడదు, బట్టల మీద మరకలు పడకూడదు, కొన్న బొమ్మ విరగ్గొట్టకూడదు. ఒక్క ఖాళీ అట్టపెట్టె దగ్గరే వాళ్లు ఏమైనా చేయవచ్చు. కానీ దాని పక్కన పూర్తయిన బొమ్మ ఫొటో పెట్టామంటే ఆ వెసులుబాటు పోయినట్టే. ఇప్పుడు ఆ అట్టకు సరైన ఆకారం అంటూ ఒకటి వచ్చేసింది, కాబట్టి దాన్ని పాడు చేయడం కూడా సాధ్యమైంది.

మా పాపకు ఎవరో ఒక రంగు కాగితాల పుస్తకం బహుమతిగా ఇచ్చారు. మందపాటి కాగితం, ఒక్కో పేజీ ఒక్కో రంగు. ఇప్పటికీ దానిలోంచి ఒక్క పేజీ కూడా చింపలేదు. ఎందుకమ్మా అంటే, మంచి ఐడియా వచ్చాక వాడుకుంటానంటుంది. పార్సిల్ వచ్చిన రోజున అదే పిల్ల, లోపలి వస్తువు బయటికి తీయకముందే కత్తెర పట్టుకుని నిలబడుతుంది. అట్టపెట్టె ముందు మంచి ఐడియా కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. చేతులు కదిలాక ఐడియా వస్తుంది, రాకపోయినా పోయేదేమీ లేదు.

డెన్మార్క్‌లో కార్ల్ థియోడర్ సోరెన్‌సెన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు ఈ సంగతిని చాలా ముందే గమనించాడు. ఆయన పార్కులు, పిల్లల ఆటస్థలాలు రూపొందించేవాడు. ఉయ్యాలలు, జారుడు బల్లలు పెట్టి తీర్చిదిద్దిన చోటు కన్నా, ఇళ్లు కడుతున్న చోట పడి ఉన్న చెక్కలతో, తాళ్లతో పిల్లలు ఎక్కువ ఇష్టంగా ఆడుకుంటున్నారని ఆయనకు అర్థమైంది. దేశం జర్మన్ ఆక్రమణలో ఉన్న 1943లో, కోపెన్‌హాగన్‌లోని ఎమ్‌డ్రూప్‌లో ఆయన ఆలోచనతో పాత సామాను ఆటస్థలం ఒకటి తెరిచారు. పిల్లలు అక్కడ తవ్వేవాళ్లు, కట్టేవాళ్లు, కూలగొట్టి మళ్లీ కట్టేవాళ్లు. 1946లో దాన్ని చూసిన లేడీ అలెన్ అనే బ్రిటిష్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు ఆ ఆలోచనను బ్రిటన్‌కు తీసుకెళ్లింది. అక్కడ బాంబు దాడుల్లో కూలిన స్థలాల్లో అలాంటి ఆటస్థలాలు వెలిశాయి. ఆ తర్వాత 1971లో సైమన్ నికల్సన్ అనే ఆయన దీన్నే సిద్ధాంతంగా రాశాడు. పిల్లలు ఇష్టమొచ్చినట్టు కదపగల, మార్చగల విడి వస్తువులు చుట్టూ ఎన్ని రకాలుగా ఉంటే వాళ్లు కనిపెట్టేవి అంత పెరుగుతాయని ఆయన వాదన. నాకు ఈ ముగ్గురిలో సోరెన్‌సెన్ అంటేనే ఎక్కువ గౌరవం. తన చేత్తో తీర్చిదిద్దిన ఆటస్థలాల కన్నా చెత్తే పిల్లలకు నచ్చుతోందని చూసి, దాన్ని కాదనకుండా ఒప్పుకున్న మనిషి ఆయన.

ఇక నమూనా విషయం. ముందుగా చేసి చూపిస్తే పిల్లలు త్వరగా నేర్చుకుంటారు కదా అని నన్ను చాలామంది అడిగారు. నేర్చుకుంటారు, చూపించినదాన్ని. ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్, వాళ్లతో పనిచేసినవాళ్లు 2011లో ప్రచురించిన పరిశోధన ఒకటి దీని గురించే. పైపు ముక్కలు కలిపి ఒక కొత్త బొమ్మ తయారుచేసి చిన్నపిల్లలకు ఇచ్చారు. అందులో నాలుగు తమాషాలున్నాయి. ఒక గొట్టాన్ని లాగితే కీచుమంటుంది, ఒకచోట నొక్కితే లైటు వెలుగుతుంది, ఇంకోచోట నొక్కితే సంగీతం వస్తుంది, ఒక గొట్టం లోపల చూస్తే అద్దం ఉంటుంది. కొందరు పిల్లలకు 'ఇదిగో, ఇది ఇలా పనిచేస్తుంది చూడండి' అంటూ ఆ కీచుమనే గొట్టాన్ని లాగి చూపించారు. మిగతా పిల్లలకు అలా ఎవరూ నేర్పలేదు. తర్వాత బొమ్మను పిల్లలకే వదిలేస్తే, నేర్పించుకున్న పిల్లలు ఎక్కువసేపు ఆ గొట్టాన్నే లాగుతూ ఉండిపోయారు. నేర్పించుకోనివాళ్లు బొమ్మను అటూ ఇటూ తిప్పి, మిగతా తమాషాలను ఎక్కువగా కనుక్కున్నారు. పిల్లలు ఇక్కడ తెలివితక్కువగా ప్రవర్తించలేదు. పెద్దవాళ్లు పనిగట్టుకుని ఒకటే చూపించారంటే చూపించడానికి అంతే ఉందని వాళ్లు అనుకున్నారు. గుడ్లగూబ ఫొటో పెట్టినప్పుడు టిష్యూ గొట్టం గురించి మనం పిల్లలకు చెబుతున్నది కూడా ఇదే: దీనితో చేయగలిగింది ఇది.

అయితే అట్టపెట్టె, కత్తెర ఇచ్చేసి 'నీ ఇష్టం, ఏదైనా చెయ్యి' అంటే సరిపోతుందా? కొందరికి సరిపోతుంది. చాలామందికి సరిపోదు. ఖాళీగా చూస్తూ కూర్చుంటారు, 'నాకేమీ రాదు' అని లేచిపోతారు. ముఖ్యంగా కాస్త పెద్ద పిల్లలు. మూడేళ్ల పిల్లకు అట్ట చింపడమే పండగ. తొమ్మిదేళ్ల పిల్లాడికి తలలో పెద్ద విమానం ఉంటుంది, చేతిలో దాన్ని కట్టే విద్య ఉండదు. వాడికి కావలసింది స్వేచ్ఛ ఒక్కటే అనుకుని పక్కకు తప్పుకోవడం కూడా నాకు సరైనదిగా తోచదు.

అలాంటప్పుడు నేను బొమ్మ చూపించను. ఒక అతుకు ఎలా వేయాలో చూపిస్తాను. రెండు ముక్కలను ఎలా కలపవచ్చో, ఒక ముక్కను ఎలా కదిలేలా చేయవచ్చో, అంతవరకే. అతుకు నేర్చుకున్న పిల్లలు దానితో ఏం చేస్తారో ఎవరూ ముందే చెప్పలేరు. బొమ్మ నేర్చుకున్న పిల్లలు ఆ బొమ్మే చేస్తారు. ఈ తేడా నాకు చాలా ముఖ్యం, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తాను.

అట్టతోనే మొదలుపెడదాం. పార్సిల్ అట్టను అంచు వైపు నుంచి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. పైనా కిందా చదునైన కాగితం, మధ్యలో అలలు అలలుగా ఇంకో కాగితం. ఆ అలలు ఒకే దిక్కుకు సన్నని గొట్టాల్లా సాగుతాయి. ఆ గొట్టాల వెంబడి మడిస్తే అట్ట చక్కగా మడత పడుతుంది. వాటికి అడ్డంగా మడవబోతే నలిగిపోయి వంకర తిరుగుతుంది. గొట్టాలు నిలువుగా ఉండేలా నిలబెడితే బరువు బాగా మోస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది పిల్లలు 'నాకు తిన్నగా మడవడం రాదు' అనుకుంటారు. అంచు చూడమని చెప్పండి, చాలు. ఇంకో మాట, పిల్లలు దీన్ని భలే ఇష్టంగా వింటారు. ఈ అలల కాగితానికి 1856లో ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్నది పెట్టెల కోసం కాదు, మగవాళ్ల టోపీల లోపల అస్తరుగా వేయడానికి. 1871లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ దాన్ని సీసాలు, దీపం చిమ్నీలు పగలకుండా చుట్టడానికి వాడాడు. టోపీ అస్తరును పెట్టెగా మార్చవచ్చంటే పెట్టెను మనం ఏమైనా చేయవచ్చు కదా అని మా పాప అంది. నేను చెప్పాలనుకున్నదాన్ని ఆ పిల్ల నాకన్నా ముందే అనేసింది.

అన్నిటికన్నా తేలికైన అతుకు గాడి. రెండు అట్ట ముక్కల్లో ఒక్కోదానికి సగం దాకా గాడి కోసి, ఒకదాన్ని ఒకదానిలోకి దూర్చితే రెండూ నిలబడతాయి. జిగురు అక్కర్లేదు. గాడి వెడల్పు అట్ట మందానికి సమానంగా ఉండాలి, అంతకన్నా పెద్దదైతే కదులుతుంది. పిల్లలు మొదట వెడల్పుగానే కోస్తారు. ఎందుకు కదులుతోందో వాళ్లే కనుక్కోనివ్వండి. గొట్టాన్ని నిలబెట్టాలంటే దాని అంచు చుట్టూ చిన్న చిన్న గాట్లు పెట్టి, ఆ ముక్కలను పువ్వు రేకుల్లా బయటికి మడిచి టేపు వేస్తే చాలు. కదిలే తలుపు కావాలంటే మూడు వైపులా కోసి నాలుగో వైపు మడత వేయాలి, ఆ మడత అలల వెంబడి ఉండాలి. కోట బురుజులు, రోబో కాళ్లు, గ్యారేజీ తలుపులు అన్నీ ఈ మూడింటిలోంచే పుట్టుకొచ్చాయి మా ఇంట్లో.

తర్వాతది చక్రం. పిల్లలకు దీని మీద ఉన్నంత మోజు ఇంకదేని మీదా ఉండదు, పెద్దవాళ్లు ఎక్కువగా తికమకపడేది కూడా ఇక్కడే. మూతలను నేరుగా పెట్టెకు అంటిస్తే బండి కదలదు. స్ట్రా ముక్కను బండి అడుగున టేపుతో అంటించి, దానిలోంచి సన్నని వెదురు పుల్ల దూర్చి, పుల్ల రెండు కొసలకూ మూతలు బిగించాలి. మూతలు పుల్లకు గట్టిగా పట్టుకుని ఉండాలి, పుల్ల మాత్రం స్ట్రాలో వదులుగా తిరగాలి. ఏది బిగుతు, ఏది వదులు అన్నది అర్థమైన పిల్లలకు నిజం బండి కింద వంగి చూడాలనిపిస్తుంది. మా అన్నయ్య కొడుకు ఒకసారి మూతకు నడిమధ్యలో కాకుండా కాస్త పక్కగా రంధ్రం పెట్టాడు. తిన్నగా పోవాల్సిన బండి లేస్తూ పడుతూ పోయింది. నేనేమీ అనలేదు. వాడు దాన్ని అటూ ఇటూ నడిపించి చూసి, మిగతా మూడు మూతలకు కూడా పక్కనే రంధ్రాలు పెట్టి, పైన ఒక కాగితపు గుర్రాన్ని అంటించాడు. ఇంజన్లలో తిరిగే కదలికను పైకీ కిందికీ కదలికగా మార్చేది ఈ కిటుకే. ఆ సంగతి వాడికి ఇంకా తెలియదు, తెలియాల్సిన తొందర కూడా లేదు.

భారతదేశంలో ఈ పనికి జీవితమంతా ఇచ్చిన మనిషి అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదువుకున్న ఇంజనీరు. చెత్త నుంచి విజ్ఞానశాస్త్రపు బొమ్మలు చేయడం లక్షలాది పిల్లలకు నేర్పినందుకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వు ట్యూబూ. సన్నని రబ్బరు ట్యూబును చిన్న ముక్కలు చేసి, వాటిలోకి అగ్గిపుల్లలు దూర్చితే అవి కీళ్లలా పనిచేస్తాయి. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కితే ఆకారం మారదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి నొక్కితే ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఆ చతురస్రానికి మూల నుంచి మూలకు ఇంకో పుల్ల వేస్తే గట్టిపడుతుంది. వంతెనలకూ టవర్లకూ అన్ని త్రిభుజాలు ఎందుకుంటాయో పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇది కూడా అతుకే. ఆయన పిల్లల చేతికిచ్చింది ముఖ్యంగా ఒక కీలు, దానితో వాళ్లు ఇల్లయినా కట్టుకోవచ్చు, చేపయినా చేసుకోవచ్చు. (మందు ఉన్న కొసను ముందే గీకేసి ఇవ్వండి.)

అతుకు తెలిసినా ఏం చేయాలో తోచని పిల్లలకు ఒక చిక్కు ప్రశ్న ఇస్తే బాగా పనిచేస్తుంది. 'ఈ గోలీ బల్ల పైనుంచి నేల మీదికి వీలైనంత మెల్లగా దిగాలి.' 'ఒకే ఒక్క కాగితంతో ఈ పుస్తకాన్ని నేల నుంచి పైకి లేపి నిలబెట్టాలి.' కాగితాన్ని చదునుగా ఉంచితే తన బరువే మోసుకోలేదు, గొట్టంలా చుట్టి నిలబెడితే పుస్తకాన్ని మోస్తుంది. ఇలాంటి ప్రశ్నలకు ఫొటో ఉండదు. నలుగురు పిల్లలు కూర్చుంటే నాలుగు జవాబులు వస్తాయి, ఎవరిది ఎవరిలాగా ఉండదు కాబట్టి పోటీ కూడా పెద్దగా ఉండదు. గోలీ దారి మీద పక్కింటి పిల్లలు, మా పిల్లలు మధ్యాహ్నం మొత్తం గడిపేశారు, భోజనానికి పిలిచినా రాలేదు.

జిగురు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పిల్లల ఉత్సాహం ఎక్కువగా చచ్చిపోయేది దాని దగ్గరే. మామూలు తెల్ల జిగురు నీళ్లు ఇంకిపోవడం వల్ల ఆరుతుంది. కాగితం, అట్ట, గుడ్డ ఆ నీటిని పీల్చుకుంటాయి కాబట్టి బాగా అంటుకుంటాయి. ప్లాస్టిక్ పీల్చుకోదు. సీసా మూతలు ఎక్కువగా పాలిథిన్, పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్‌లతో చేస్తారు, వాటికి మామూలు జిగురేదీ సరిగా పట్టదు. పిల్లలకు ఇది తెలియదు. ఆరబెట్టిన మూత మర్నాడు చేతిలోకి ఊడి వస్తే తప్పు తమ చేతిదే అనుకుంటారు. అందుకని ప్లాస్టిక్‌ను రంధ్రం పొడిచి తీగతోనో దారంతోనో కట్టడం నయం. రంధ్రం పొడిచే పని పెద్దవాళ్లది. మిగతా అన్నిటికీ మాస్కింగ్ టేపు. చేత్తో చింపుకోవచ్చు, ఊడదీసి మళ్లీ అంటించుకోవచ్చు, దాని మీద పెన్నుతో రాసుకోవచ్చు. గ్లూ గన్ బలంగా అతుకుతుంది, నిజమే. కానీ అది కాలుతుంది కాబట్టి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, పెద్దవాళ్ల చేతిలో ఉన్నంతసేపూ పిల్లలు పక్కన నిలబడి చూడాలి. అతికిందల్లా పెద్దవాళ్లు అతికించినట్టే అవుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని వాడకపోవడానికి నాకు ఆ కారణం చాలు.

కత్తెర కూడా అంతే. ఎడమచేతి వాటం పిల్లలకు మామూలు కత్తెర ఇస్తే దానితో కాగితం సరిగా తెగదు. కత్తెర రెక్కలు కుడిచేతి ఒత్తిడికి దగ్గరయ్యేలా తయారవుతాయి. ఎడమచేత్తో పట్టుకుంటే అదే ఒత్తిడి రెక్కలను విడదీస్తుంది, కాగితం మధ్యలో మడతపడుతుంది. వాళ్ల కోసం వేరే కత్తెరలు దొరుకుతాయి. పిల్లలు 'మొద్దు చేతులు' అనే మాట పడకముందే ఒకటి తెచ్చిపెట్టాలి.

బడిలో ఇచ్చే 'పాత వస్తువులతో ప్రాజెక్టు' గురించి రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. రేపు తీసుకురావాలని ఈరోజు సాయంత్రం చెబుతారు, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. పిల్లలు పడుకున్నాక తల్లిదండ్రులు అర్ధరాత్రి దాకా కూర్చుని అతికిస్తారు. ఒక ఏడాది మా పాప ఒక రోబో చేసుకుని తీసుకెళ్లింది. చెయ్యి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కానీ పొట్టలో ఒక సొరుగు పెట్టింది, అది లాగితే వస్తుంది. ప్రదర్శనలో దాన్ని వెనక వరసలో, గోడ పక్కన పెట్టారు. ముందు వరసలో ఉన్నవాటిలో పిల్లల చేతి గుర్తు ఒక్కటి కూడా లేదు. వాటికే బహుమతులు వచ్చాయి. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆ రోజు ఆ పిల్లలందరూ నేర్చుకున్న పాఠం ఏమిటి? చేసింది ఎవరైనా సరే, చూడ్డానికి బాగుండాలి. సొరుగు ఎలా పనిచేస్తుందో మా పాపను ఎవరూ అడగలేదు.

బహుమతుల సంగతిలో ఇంకో అపాయం కూడా ఉంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టమున్న పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా గీశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఆటల సమయంలో పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి చూస్తే, ముందే ఆశ పెట్టించుకున్న పిల్లలు మిగతావాళ్లు గీసిన సమయంలో దాదాపు సగం సేపే గీశారు. వాళ్లకు ఇష్టమైన ఆట ఒక పనిగా మారిపోయింది. అట్టపెట్టెలతో ఆడుకునే పిల్లలకు మొదటి బహుమతి, రెండో బహుమతి పెట్టేవాళ్లు ఈ ప్రయోగాన్ని ఒకసారి తలుచుకోవాలి. పిల్లలు చేసింది చూపిస్తే మెచ్చుకోకూడదా అంటే, మెచ్చుకోవచ్చు. కానీ 'ఎంత బాగుందో' కన్నా 'ఈ సొరుగు ఊడిపోకుండా ఎలా ఆపావు?' అన్న మాటకు వాళ్ల ముఖం ఎక్కువ వెలుగుతుంది. అరగంట చెబుతారు. వినే ఓపిక ఉండాలి.

పర్యావరణం పేరు చెప్పి ఈ పనిని సమర్థించుకోవడం నాకు ఇష్టం ఉండదు. నిజం పిల్లలకు నిజంగానే చెప్పాలి. శుభ్రమైన అట్టపెట్టె, పాత పేపరు, ప్లాస్టిక్ సీసా ఎలా ఉన్నవి అలాగే వేరుచేసి ఇస్తే మళ్లీ అట్టగా, కాగితంగా, ప్లాస్టిక్‌గా మారే అవకాశం ఉంది. అదే అట్ట మీద వేడి జిగురు, గ్లిట్టర్, ప్లాస్టిక్ పూసలు, స్ప్రే పెయింటు పడ్డాక దాన్ని ఎవరూ తీసుకోరు, అది చెత్తకుప్పకే పోతుంది. అంటే చక్కగా మళ్లీ వాడుకోగల వస్తువును మనమే శాశ్వతంగా చెత్తగా మార్చి, దానికి పర్యావరణ పరిరక్షణ అని పేరు పెడుతున్నాం. గ్లిట్టర్ ఎక్కువగా లోహపు పూత ఉన్న సన్నని ప్లాస్టిక్ పొరను పొడిగా కోసి చేసేదే. నేల మీద నుంచి, చేతుల మీద నుంచి అది నీళ్లలోకి పోతుంది, తిరిగి ఏరడం ఎవరి తరమూ కాదు. ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాన్ని ఆపేసింది. 'పాత స్ట్రాలతో' చేయాల్సిన బొమ్మ కోసం కొత్త స్ట్రాల ప్యాకెట్టు కొనడం కూడా ఇలాంటిదే.

కాబట్టి నేను పిల్లలకు చెప్పేది ఇంతే: ఇది పారేయబోయే ముందు మనం ఆడుకుంటున్నాం, ఆట అయ్యాక ఇది పోవాల్సిన చోటికి పోతుంది. అందుకనే గాడి, దారం, మాస్కింగ్ టేపు. విప్పితే ఏ ముక్కకు ఆ ముక్క విడిగా వచ్చేయాలి.

జాగ్రత్తలు కొన్ని తప్పవు. పాత రిమోట్లు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డులు, గడియారాలు పెట్టెలో వేసే ముందు వాటిలోని బటన్ సెల్ (గుండీలా ఉండే చిన్న బ్యాటరీ) తీసి పిల్లలకు అందని చోట పెట్టాలి. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా సరే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మూడేళ్లలోపు పిల్లలున్నప్పుడు మూతలు, గుండీలు, పూసలు, పగిలిన బెలూన్ ముక్కలు అందుబాటులో ఉండకూడదు. డబ్బాల రేకు అంచులు కోసుకుంటాయి, నేను రేకు డబ్బాలు అసలు ఇవ్వను. మందుల సీసాలు, పురుగుమందుల డబ్బాలు, బాత్‌రూమ్ కడిగే మందుల సీసాలు ఎంత కడిగినా వద్దు. థర్మోకోల్‌ను వేడి తీగతో కోయవద్దు, ఆ పొగ మంచిది కాదు.

ఏవి దాచాలన్న ప్రశ్న కూడా వస్తుంది. నేను ఒకే ఒక్క పెట్టె పెట్టాను. అది నిండితే కొత్తది వేయాలంటే పాతది తీయాలి, ఏది తీయాలో పిల్లలు తేల్చుకోవాలి. గొట్టాలు, రకరకాల మూతలు, దారాలు, రబ్బరు బ్యాండ్లు, పుల్లలు, గుడ్డ పేలికలు, పాడైన జిప్పులు, బట్టల క్లిప్పులు. ఒకే రకం సామాను పదులకొద్దీ కన్నా, కొద్దికొద్దిగా చాలా రకాలుంటే ఆట బాగా సాగుతుంది. ఆ పెట్టె పిల్లల ఎత్తులో ఉండాలి, అడగకుండా తీసుకోగలగాలి. చెక్కపెట్టెలో తాళం వేసి 'ఆదివారం క్రాఫ్ట్ టైమ్' అని తీస్తే అది కూడా ఒక క్లాసే అవుతుంది.

చేసినవన్నీ దాచడం ఏ ఇంట్లోనూ కుదరదు. మాకు ఒక అల్మరా అర ఉంది, అందులో పట్టినన్నే ఉంటాయి. కొత్తది పెట్టాలంటే ఒకటి తీయాలి. పిల్లలకు తెలియకుండా రాత్రిపూట చెత్తబుట్టలో వేయడం చాలామంది చేస్తారు, దయచేసి అలా చేయకండి. వాళ్లు దాన్ని వెతుక్కుంటారు, చెత్తబుట్టలో చూశాక మళ్లీ ఆ పెట్టె జోలికి వెళ్లాలంటే వెనకాడతారు. అడిగితే సగం సార్లు వాళ్లే విప్పేస్తారు. కట్టడం ఎంత ఇష్టమో విప్పడం కూడా అంతే ఇష్టం వాళ్లకు. టేపు ఊడదీసి చెత్తలోకి, పుల్లలు, మూతలు, దారాలు తిరిగి పెట్టెలోకి, నలిగిన అట్ట పాత పేపర్ల కట్టతో పాటు బయటికి. వద్దు, ఇది ఉంచాలి అని గట్టిగా అంటే మాత్రం అది ఎంత వంకరగా ఉన్నా, దుమ్ము పట్టినా, అరలో దాని చోటు దానికి ఉంచండి.